నల్లపూస ఇంటికి రాని రెండు వారాలు

ప్రమాదం వాసన నాకు మొట్టమొదట ఒక గంబూటులోంచి వచ్చింది.

వాన మొదలైంది కదా అని చెప్పుల అలమారా తలుపు తీశాను. అట్టడుగు అరలో మా మేఘు పసుపురంగు గంబూట్లు. కుడికాలి బూటులోంచి గోడ మీదుగా కిటికీ దాకా చీమల బారు. పోయేవి పోతున్నాయి, వచ్చేవి వస్తున్నాయి, ఒక్కటి కూడా హారన్ కొట్టడం లేదు. ఆ క్రమశిక్షణ చూసి ముచ్చటపడుతూ బూటులో చెయ్యి పెట్టాను. తెలివైనవాళ్ళు ముందు టార్చి వేసి చూస్తారు. తల్లులు ముందు చెయ్యి పెడతారు. నా చెయ్యి మెత్తగా, చల్లగా, జిగటగా దేంట్లోకో దిగబడింది. బయటికి తీసి చూద్దును కదా, పప్పన్నం! నిన్నటి ముద్ద, మొన్నటి ముద్ద, అటుమొన్నటి ముద్ద. అన్నిటికన్నా అడుగున ఉన్నది ఏ కూరో తేల్చాలంటే తవ్వకాల వాళ్ళు బ్రష్షులు పట్టుకుని రావాలి.

నా గుండె జారి ఎడమకాలి బూటులో పడింది. ఎందుకంటే, "ముద్ద మిగల్చకుండా తింటోంది డాక్టర్!" అని పిల్లల డాక్టరు గారి ముందు నేను గొంతు పెంచి చెప్పి వచ్చి అప్పటికి నాలుగు గంటలు కూడా కాలేదు.

ఒక్క కథ చెప్పి, ఒక అపార్ట్‌మెంటు మొత్తానికి చీమలు పట్టించి, పదహారు మంది పిల్లల్ని అర్ధాకలితో ఉంచిన ఘనురాలిని నేను. ఆ వైభవం మీకు చెప్పకుండా దాచడం భావ్యం కాదు. పిల్లలిద్దరూ పడుకున్నారు. గ్యాస్ కట్టానో లేదో రెండుసార్లు లేచి చూశాను. తలుపు గడియ మూడుసార్లు. ఇంక ధైర్యంగా మొదలుపెడతాను.

అసలు ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మేఘుయే. దానికిప్పుడు ఎనిమిదేళ్ళు. ఏదో కార్టూన్ సీరియల్ చూస్తుంది, ఎన్నో భాగమో వాళ్ళకే తెలియాలి. అందులో దానికి నచ్చిన కుందేలు ఊరు వదిలి వెళ్ళిపోయిందట. ఈ సాయంత్రం బడి నుంచి వస్తూనే బ్యాగు సోఫా మీదికి విసిరి, "అమ్మా, వాళ్ళకి ఉత్తరం రాస్తాను. ఫ్యాన్స్ ఏం కావాలంటే అదే కదా పెట్టాలి? మేం చూడకపోతే వాళ్ళ కథ ఎవరు చూస్తారు?" అంది.

నేను ముఖం అటు తిప్పుకుని నవ్వుకున్నాను. ప్రపంచంలో ఈ ప్రశ్న అడగకూడని మనిషి ఎవరైనా ఉంటే అది మేఘు. జవాబు చెప్పే అర్హత ఉన్న మనిషి ఎవరైనా ఉంటే, చెయ్యంతా పప్పన్నంతో నిలబడ్డ ఆనాటి నేను.

మూడేళ్ళ కిందటి మాట. అప్పుడు మేం చందానగర్‌లో, మార్కెట్ వెనక సందులో ఉండేవాళ్ళం. మేఘుకి ఐదు, బన్నుకి రెండున్నర. మేఘు తినేది కాదు. "పిల్లలంతా అంతే" అని మీరనబోతున్నారు, తెలుసు. ఆ మాట మా ఆయన అన్నాడు, మా అత్తగారు అన్నారు, లిఫ్టులో ముక్కూ మొహం తెలియని ఒకావిడ కూడా అంది. కానీ పొద్దున తినిపించిన ఇడ్లీ ముక్క సాయంత్రం దాని బుగ్గలో భద్రంగా దొరికిన తల్లిని నేను. దాని బరువు గీత డాక్టరు గారి కాగితం మీద నేలకి సమాంతరంగా పోతుంటే, నా బరువు గీత మాత్రం దాని వంతు కూడా తనే మోస్తూ పైకి పోయేది. మిగిలింది పారెయ్యడం ఇష్టంలేక తినేది ఎవరనుకున్నారు మరి?

"ఒక్క అరకిలో పెరగనివ్వండి. మూడు వారాల తర్వాత తీసుకురండి. పెరగకపోతే అప్పుడు పరీక్షలు చేయిద్దాం" అన్నారు డాక్టరు గారు.

పరీక్షలు! ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. ఫోనులో వెతికాను. వెతకకూడదని మీకు తెలుసు, నాకూ తెలుసు. వెతికాను. తెల్లారేసరికి నా కూతురికి రావడానికి వీలున్న జబ్బులన్నీ, రావడానికి వీల్లేనివి కూడా కొన్ని, నాకు కంఠతా వచ్చేశాయి.

ఇక నా ఉద్యోగం రాయదుర్గంలో, అద్దాల మేడలో. కస్టమర్లతో మాట్లాడి వాళ్ళకేం కావాలో రాసుకొచ్చి, మా వాళ్ళ చేత సరిగ్గా అదే చేయించడం నా పని. మా జేజికి, అంటే నాయనమ్మకి, ఈ ఉద్యోగం ఎన్నిసార్లు వివరించినా ఎక్కలేదు. "అడిగినోళ్ళకు అడిగినట్ల పెట్టేదానికి అంత జీతమా? మా పొద్దుటూరు హోటల్లో సర్వరు చేసేది గూడా అదే కదమ్మే!" అనేది. ఆ మాట ఎంత నిజమో నాకు నల్లపూస వల్ల తెలిసింది.

నల్లపూస ఒక గేదె.

డాక్టరు గారి దగ్గరికి వెళ్ళొచ్చిన మర్నాడు నేను ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైంది. కొత్తగూడ చౌరస్తాలో క్యాబు కదలదు, మెదలదు. ఇంటికొచ్చేసరికి గేటు దగ్గర మా సత్తెమ్మ చేతిలో గిన్నె, పక్కన మూతి బిగించుకుని మేఘు. సత్తెమ్మ పగలంతా మా పిల్లల్ని చూసుకునే పెద్దావిడ. ఈ మేడలన్నీ లేవక ముందు నుంచీ ఆమెది ఇక్కడి పక్క ఊరే. "రెండు బుక్కలు సుత తినలే బిడ్డా. అమ్మ రావాలె అన్నది, ఇగ గంతే" అని గిన్నె నా చేతిలో పెట్టింది.

పిల్లలాడుకునే చోట, జారుడుబల్ల పక్కన బెంచీ మీద కూర్చుని, ఏం చెప్పాలో తెలియక నోటికొచ్చింది చెప్పాను. "అనగనగా చందానగర్‌లో నల్లపూస అని ఒక గేదె. దానికి పిందె అని ఒక దూడ. నల్లపూస రోజూ పొద్దున్నే రాయదుర్గం వెళ్ళేది. అక్కడ అద్దాల మేడల్లో వాళ్ళందరికీ టీలోకి పాలు కావాలి కదా, అందుకని. సాయంత్రం మళ్ళీ నడుచుకుంటూ బయల్దేరేది. కొత్తగూడ దాటి, కొండాపూర్ దాటి, హఫీజ్‌పేట దాటి..."

ఒక్కో ఊరికి ఒక్కో ముద్ద. మేఘు నోరు తెరుస్తోంది! ఆఖరికి నల్లపూస ఇంటికొచ్చి, పిందెని "సర్‌ర్‌ర్" మని నెత్తి నుంచి తోక దాకా నాకింది. పిందె పాలు తాగింది. గిన్నె ఖాళీ.

వారం రోజులు అదే కథ. వెళ్ళింది, వచ్చింది, నాకింది. మేఘు వారం రోజులూ గిన్నె ఖాళీ చేసింది. నా సలహా అడిగితే, ఆ కథ అక్కడ అలాగే ఉండనిచ్చి నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ నా సలహా నన్నెవరూ అడగలేదు.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో పొద్దుటూరు మిద్దె మీద మా జేజి చుట్టూ ఏడుగురం పిల్లలం గుండ్రంగా కూర్చునేవాళ్ళం. ఆమె మధ్యలో పెద్ద గిన్నె పెట్టుకుని, చాపిన అరచేతుల్లో వరసగా ఒక్కో సంగటి ముద్ద పెడుతూ కథ చెప్పేది. ప్రతి రాత్రీ ఒకటే నక్క, ఆ నక్కకి ఒకటే చావు. "ఈరోజు నక్క సావకూడదు జేజీ" అని నేను బతిమాలేదాన్ని. "అది సచ్చేది సచ్చేదే. నువ్వు చెయ్యి సాపు" అనేది జేజి. ఎంత కఠినాత్మురాలు అనుకునేదాన్ని. కానీ ఆ నక్క ఎప్పుడు చస్తుందో తెలుసు కాబట్టి, దానికి ముందు ముద్ద హాయిగా మింగేవాళ్ళమని, ఎవరికీ ఆ మిద్దె మీద భయం వేసేది కాదని, ఇప్పుడు ఈ గదిలో ఒక్కదాన్నే కూర్చుని రాస్తుంటే తెలుస్తోంది. ఆ సంగటి మీద గుంట చేసి పోసిన చెనిక్కాయల ఊరిబిండి, అదే వేరుశెనగ పచ్చడి, రుచి కూడా తగుల్తోంది. సరే, కథలోకి వద్దాం. అసలే నేను దారి తప్పించడంలో పేరు మోసినదాన్ని.

నా కథ మహిమ అపార్ట్‌మెంటులో పాకింది. మొదట రెండో అంతస్తు పద్మజగారు వాళ్ళ ఏడేళ్ళ ఆర్యన్ని, సాంబారన్నం గిన్నెనీ తీసుకుని వచ్చారు. భీమవరం మనిషి, మాటకి ముందూ వెనకా 'అండి' ఉంటుంది. "మీ గేదె కథ వింటే మావాడు కాకరకాయ కూడా తినేస్తున్నాడండీ బాబూ!" అన్నారు. మర్నాడు ఐదుగురు, ఆ మర్నాడు పన్నెండు మంది. వారం తిరిగేసరికి జారుడుబల్ల చుట్టూ పదహారు గిన్నెలు. వీళ్ళు కాక నాలుగో అంతస్తు మూర్తిగారు. రిటైరైన లెక్కల మాస్టారు. సాయంత్రం నడకకి వచ్చి, నా బెంచీ చుట్టూ మాత్రమే నడిచేవారు.

మొదటి కోరిక కోరింది ఆర్యన్.

"ఆంటీ, రోజూ ఇంటికొచ్చేస్తే ఏం బావుంటుంది? బోరు. మధ్యలో ఎవడైనా దొంగ పట్టుకోవాలి."

కస్టమర్ నోరు తెరిచాడు! నాలో రాయదుర్గం ఉద్యోగిని మేలుకుంది. ఆ రోజు నల్లపూసని కొత్తగూడలో ఒక దొంగ పట్టుకున్నాడు. కథ అక్కడ ఆపాను. పిల్లలు కేకలు, చప్పట్లు. "అబ్బ, భలే చోట ఆపారండీ!" అన్నారు పద్మజగారు. మూర్తిగారు నడక ఆపి మరీ నిలబడిపోయారు.

ఆ చప్పట్లు విన్నాక మీరైతే ఆగుతారా? నేనాగలేదు. పద్ధతి ప్రకారం పోదామనుకున్నాను. ఖాళీ ఐస్‌క్రీం డబ్బా మూతకి చీలిక పెట్టి బెంచీ మీద ఉంచాను. "రేపు కథలో ఏం జరగాలో బొమ్మ వేసి ఇందులో వెయ్యండి. ఎక్కువమంది ఏది కోరితే అదే జరుగుతుంది" అని ప్రకటించాను. రాయడం రాని పిల్లలు కదా, అందుకని బొమ్మలు. ఈ ఆలోచన వచ్చినందుకు ఆ రాత్రి నన్ను నేనే మెచ్చుకున్నాను, ఇంకెవరూ మెచ్చుకునేలా లేరని.

మర్నాడు ఆఫీసులో భోజనం వేళ డబ్బా తెరిచి ఓట్లు లెక్కపెట్టాను. డైనోసార్ తొమ్మిది, రెక్కలు మూడు, పోలీసు రెండు, ఏరోప్లేనో చేపో తెలియనిది ఒకటి. ఇంకొక కాగితం మీద ఒక పెద్ద బంగాళదుంప, పక్కన చిన్న బంగాళదుంప, రెండింటి చుట్టూ ఒక గీత. 'ఇది మా బన్నుగాడి పనే' అనుకుని, చెల్లని ఓటు కింద పక్కన పెట్టాను. మర్నాడు మళ్ళీ బంగాళదుంపలు. ఆ మర్నాడు మళ్ళీ. రోజూ ఒకటి, తప్పకుండా. రోజూ చెల్లలేదు.

అక్కణ్ణుంచి నా గేదె నా చేతిలో లేదు. డైనోసార్ వచ్చింది. నల్లపూసకి రెక్కలొచ్చాయి. పిల్లలు కోరితే తల్లులు ఊరుకుంటారా? పద్మజగారు నన్ను లిఫ్టు దగ్గర పట్టుకుని, "కాస్త ఎక్కాలు కూడా పెట్టండి, మావాడు ఏడో ఎక్కం దగ్గర ఆగిపోయాడండీ" అన్నారు. ఇంకొకావిడ పాలకూర పెట్టమంది. మూర్తిగారు రోజూ ఒక అభ్యంతరం తెచ్చేవారు.

"రెక్కలున్న గేదె ట్రాఫిక్‌లో ఎందుకు ఆగుతుందమ్మా? లాజిక్ లేదు."

"డైనోసార్ ఉంది కదండీ మాస్టారూ."

"డైనోసార్‌కి మాత్రం కొత్తగూడలో ఏం పని?"

"దానికీ అక్కడే ఉద్యోగమేమోనండీ" అన్నాను. ఆయన ఆలోచించి, ఒప్పుకున్నట్టు తల ఊపి మళ్ళీ నడక మొదలుపెట్టారు.

మీరే ఊహించుకోండి. ఒక గేదె, దాని వీపున రెక్కలు, నోట్లో పాలకూర, డైనోసార్‌తో కుస్తీ పడుతూ ఏడో ఎక్కం అప్పజెబుతోంది. అలా రెండు వారాలు దాన్ని కొత్తగూడ చౌరస్తాలోనే నిలబెట్టేశాను. ఆ దారిన రోజూ ఇంటికెళ్ళే వాళ్ళకి ఇందులో అతిశయోక్తేమీ కనిపించదనుకోండి.

ఈ సందడిలో మేఘు ఏం చేస్తోంది? నా పక్కనే కూర్చునేది. నోరు తెరిచేది. అప్పుడప్పుడూ నా చున్నీ లాగి, "అమ్మా, ఇవాళ ఇంటికి పోతుందా?" అనేది.

"రేపు చూద్దాం నాన్నా."

"పిందె అన్నం తినిందా?"

"పిందె సంగతి తర్వాత. ముందు డైనోసార్ ఏం చేసిందో విను!"

ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నా నెత్తిన నాకే ఒకటి వెయ్యాలనిపిస్తోంది. అప్పుడు మాత్రం గర్వంతో నా కాళ్ళు నేల మీద లేవు. ఎందుకంటే మేఘు ఆ రోజుల్లోనే, "ఆఖరి ముద్దలు నా చేతిలో పెట్టు, నేనే తింటా" అనడం మొదలెట్టింది. మా జేజి చేతి ముద్ద! పొద్దుటూరు మిద్దె మీది ఆచారం చందానగర్ జారుడుబల్ల దగ్గర మొలకెత్తిందని నా కళ్ళు చెమర్చాయి. దాని అరచేతిలో ముద్ద పెట్టేదాన్ని. అది లేచి ఇంట్లోకి పరుగెత్తేది, మళ్ళీ వచ్చి చెయ్యి చాపేది. దాన్ని చూసి మిగతా పదిహేను మందీ, "మా చేతిలో పెట్టు, మా చేతిలో పెట్టు" అని అరచేతులు చాపారు. తల్లులందరూ మురిసిపోయారు. పిల్లలు ముద్ద తీసుకోవడం, పరుగెత్తడం, ఖాళీ చేత్తో రావడం. "పరుగెత్తితే అరుగుతుందండీ" అని పద్మజగారు సిద్ధాంతీకరించారు.

మూడు వారాలూ అయ్యాయి. శనివారం పొద్దున మేఘుని డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను, బహుమతి అందుకోబోయే దానిలా ముస్తాబై. మేఘు బరువు చూసే యంత్రం ఎక్కింది. అరకిలో పెరగలేదు సరికదా, రెండు వందల గ్రాములు తగ్గింది.

"మీ మెషిన్ ఒకసారి చూపించండి డాక్టర్, ఎక్కడో తేడా ఉంది" అన్నాను.

"పొద్దుటి నుంచి పదిమంది పిల్లల్ని చూశానమ్మా దీని మీద."

"ముద్ద మిగల్చకుండా తింటోంది డాక్టర్!"

అనుమానం తీరక నేనే ఎక్కి చూశాను. నా విషయంలో మాత్రం ఆ యంత్రం చాలా ఉదారంగా ఉంది. డాక్టరు గారు నిట్టూర్చి, రక్త పరీక్షలు రాసిన కాగితం చేతిలో పెట్టారు. సోమవారం పొద్దున చేయించాలి. దారంతా నేను ఆ కాగితం మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టేసరికి అది గుడ్డపేలికలా అయింది. ఇంటికొచ్చాక వాన మొదలైంది. చెప్పుల అలమారా తలుపు తీశాను. తరువాతిది మీకు తెలుసు.

మా ఆయన పరుగెత్తుకొచ్చి, ముక్కు మూసుకుని, "ఏంది మే ఇది? బూటులో ఊరగాయ పెట్టినావా?" అన్నాడు. ఆయనది అనంతపురం, కష్టకాలంలో హాస్యం ఆడటం వాళ్ళింట్లో వంశపారంపర్యం.

నేను మేఘుని దగ్గరికి లాక్కున్నాను. "ఇదేంటి తల్లీ?"

"పిందెకి" అంది మేఘు, అంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు. "వాళ్ళమ్మ ఇంకా కొత్తగూడలోనే ఉంది కదా. పిందె ఏం తింటుంది మరి?"

"మరి నువ్వు?"

"వాళ్ళమ్మ వచ్చినాక తింటా."

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. పద్మజగారు. "ఏవండీ, మా వాషింగ్ మెషిన్‌లో సాంబారన్నం ఉందండీ! అడిగితే మావాడు దూడకి అంటున్నాడు. ఏ దూడండీ?" ఆ ఫోను పెట్టేలోపు ఇంకొకటి. వాళ్ళ దివాను కింద చపాతీలు. ఇంకొకళ్ళింట్లో పూలకుండీలో పెరుగన్నం. మూర్తిగారు ఫోను చెయ్యలేదు, స్వయంగా వచ్చారు. చేతిలో నడక బూటు. అందులో ఉప్మా. "మా మనవరాలి పని. నేను దీన్ని తొడుక్కున్నానమ్మా" అన్నారు. కోపంగా కాదు, ఎంతో విచారంగా. సాయంత్రానికి నోటీసు బోర్డు మీద, చీమల మందు కొట్టించబోతున్నామని, ఎవరూ చెప్పులు బయట పెట్టవద్దని కాగితం వెలిసింది.

తలపట్టుకుని వంటింట్లో కూర్చున్నాను. సత్తెమ్మ బూటు కడుగుతూ మొదలుపెట్టింది.

"గిట్ల కథ ఎవలన్న చెప్తరా బిడ్డా? మా ఇంట్ల నాలుగు బర్లుండె. పొద్దుగూకినంక ఒక్క బర్రె ఇంటికి రాలేదంటే దాని దూడ గడ్డి ముట్టకపోతుండె. అరుసుడే అరుసుడు. మా అత్త సుత గంజి తాగకపోతుండె. నువ్వేమో బర్రెను తోలుకపోయి కొత్తగూడల నిలవెడ్తివి!"

"పిల్లలే అడిగారు సత్తెమ్మా."

"అడిగితే? పిల్లలు అగ్గిపెట్టె సుత అడుగుతరు. ఇస్తవా?"

సత్తెమ్మ బూటు బోర్లించింది. ఈసారి గొంతు తగ్గించి చెప్పింది. "నీ బిడ్డ రోజు పొద్దుమీకి గేటు కాడ నిలవడి నన్నేమడుగుతదో ఎర్కేనా? 'మా అమ్మ గిప్పుడు కొత్తగూడల ఉన్నదా' అని అడుగుతది. వస్తది బిడ్డా అంట. ఇగ నేనేం చెప్పాలె?"

నేను లేచి, ఆఫీసు బ్యాగులోంచి చెల్లని ఓట్లు తీసి నేల మీద పరిచాను. పద్నాలుగు కాగితాలు. పెద్ద బంగాళదుంపకి నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు. చిన్న దానికి కొమ్ముల్లేవు, తోక మాత్రం ఉంది. చుట్టూ ఉన్న గీత గీత కాదు, ఇల్లు. దానికి తలుపు కూడా ఉంది. ఒక్కో రోజూ ఆ తలుపు ఇంకాస్త పెద్దదవుతూ వచ్చింది, గేదె పట్టదేమోనని కాబోలు.

కస్టమర్లు కోరింది అక్షరం పొల్లు పోకుండా చేసే నాకు, నా మొట్టమొదటి కస్టమర్ పద్నాలుగు సార్లు చేతిలో పెట్టిన కాగితం చదవడం రాలేదు.

ఆ సాయంత్రం వాన వెలిశాక పదహారు గిన్నెలూ వచ్చాయి. డబ్బా బెంచీ కింద పెట్టేశాను.

"ఇవాళ ఓటింగ్ లేదు" అన్నాను.

పిల్లలు గోల. "ఆంటీ, నేను అగ్నిపర్వతం వేశాను! దానికే ఎక్కువ వచ్చాయి, నేను అందరినీ అడిగాను" అని ఆర్యన్ లేచి నిలబడ్డాడు. "ఇది అన్యాయమండీ" అన్నారు పద్మజగారు కూడా. ఆవిడకి ఎనిమిదో ఎక్కం రావాల్సి ఉంది.

నేను మేఘు వైపు ఒక్కసారి చూసి మొదలుపెట్టాను. "కొత్తగూడలో దీపాలు వెలిగాయి. నల్లపూస కుస్తీ ఆపేసింది. 'జరుగు నాయనా, నా బిడ్డ ఎదురుచూస్తోంది' అని డైనోసార్‌తో అంది. డైనోసార్ పక్కకి జరిగింది."

"అంతేనా? ఊరికే జరిగిందా?" ఆర్యన్.

"బిడ్డ ఎదురుచూస్తోందంటే ఎవరైనా జరుగుతారు."

"రెక్కలున్నాయి కదా, ఎగరొచ్చు కదా?"

"రెక్కలు విప్పి రోడ్డు పక్కన పెట్టేసింది. గేదెకి నడక తెలుసు, ఇంటి దారి తెలుసు. కొండాపూర్ వచ్చింది. ఎవరో పిలిచారు, ఆగలేదు. హఫీజ్‌పేట వచ్చింది. చందానగర్ మార్కెట్లో కొత్తిమీర కట్టలు, పాలకూర కట్టలు పరిచి ఉన్నాయి. ఒక్క ఆకు ముట్టలేదు. సందు తిరిగింది. గేటు దగ్గర పిందె నిలబడి ఉంది."

అక్కడ నేను కావాలని ఆగలేదు. మేఘు చెయ్యి నా చున్నీ పట్టుకుంది.

"సర్‌ర్‌ర్" అంది మేఘు, మెల్లగా.

"సర్‌ర్‌ర్" అన్నాను నేను. "నెత్తి నుంచి తోక దాకా. పిందె పాలు తాగింది. కడుపు నిండా తాగింది."

మేఘు నా చేతిలో ముద్ద వైపు చూసి, "ఇది పిందెకా, నాకా?" అని అడిగింది.

"పిందెకి అయిపోయింది. ఇది నీకే."

నోరు తెరిచింది. నమిలింది. మింగింది. ఆ గుటక శబ్దం నాకు వినపడింది. అన్ని పుట్టినరోజుల్లో అందుకున్న బహుమతులన్నీ కలిపినా అంత విలువ చెయ్యవు. "ఇంకోటి" అంది. గిన్నె ఖాళీ అయింది, ఇంట్లోకి వెళ్ళి మళ్ళీ తెచ్చాను. చుట్టూ పదిహేను నోళ్ళు కూడా నమలడం మొదలుపెట్టాయి. ఆర్యన్ వాళ్ళమ్మ చున్నీలో ముఖం దాచుకుని, "కంట్లో దుమ్ము పడింది" అన్నాడు. వాన వెలిసిన సాయంత్రం దుమ్మెక్కడిదిరా అని ఎవరూ అడగలేదు. మూర్తిగారు నా బెంచీ ముందు ఆగి, కొత్త చెప్పుల్లో, "ఇవాళ లాజిక్ సరిపోయిందమ్మా" అన్నారు.

మేం ఇప్పుడు ప్రగతి నగర్ వచ్చేశాం. ఇక్కడా సాయంత్రాలు పిల్లలు కిందికి వస్తారు, కానీ గిన్నెలు రావు. మేఘు తన కంచంలో తనే వడ్డించుకుంటుంది. రెండోసారి కూడా వడ్డించుకుంటుంది. నా చెయ్యి అప్పుడప్పుడూ ఊరికే ముద్ద కలుపుతూ ఉంటుంది, పెట్టడానికి అరచెయ్యి ఉండదు. ఆ సోమవారం పరీక్షలు చేయించాం, అన్నీ బాగానే వచ్చాయి. మేఘుకి ఆ గంబూటు గుర్తులేదు. ఉత్తరం రాస్తానని పట్టుబట్టింది కదా, రాయమన్నాను. రాస్తే తప్పు లేదు. ఆ కుందేలు కథ చెప్పేవాళ్ళకి ఒక్కటే నా మనవి: డబ్బా నిండా ఏమున్నాయో చూడండి, కానీ చెల్లదని పక్కన పెట్టిన కాగితం ఒకటుంటుంది, దాన్ని ఒకసారి వెలుగులో పెట్టి చూడండి.

ఇక నల్లపూస ఇంటికొచ్చిన ఆ మర్నాడు. ఆదివారం పొద్దున. కడిగి ఆరబెట్టిన గంబూటు తెచ్చి దోసెల పళ్ళెం పక్కన, బల్ల మీద నిలబెట్టాను. "బువ్వ తినే బల్ల మీద చెప్పులేంది మే" అని మా ఆయన అంటూనే ఉన్నాడు. నేను బూటు మీద కుడిచెయ్యి వేసి, గొంతు సవరించుకుని, పిల్లలిద్దరికీ చెప్పాను.

"ఈ పసుపురంగు గంబూటు సాక్షిగా చెబుతున్నాను. ఇకమీద నా కథలో దొంగలు రావచ్చు, వానలు రావచ్చు, ఏడో ఎక్కం కూడా రావచ్చు. కానీ నల్లపూస ఏ రోజు కథలో ఆ రోజు ఇంటికొస్తుంది. దీనికి డబ్బా లేదు, బొమ్మ లేదు, ఓటు లేదు. ఎవరు చప్పట్లు కొట్టినా, ఎవరు లిఫ్టు దగ్గర పట్టుకున్నా సరే."

మేఘు దోసె ముక్క నోటి దాకా తీసుకెళ్ళి ఆపింది. "కొత్తగూడలో ట్రాఫిక్ ఉంటే?"

"దిగి నడిచొస్తుంది."

అది ముక్క నోట్లో పెట్టుకుంది. అప్పటిదాకా మాట్లాడని బన్ను పెదవి వణికిస్తూ, "మరి నా డైనోసార్?" అన్నాడు.

"దానికీ ఇంటి దగ్గర అమ్మ ఉంది నాన్నా. నిన్న సాయంత్రమే వెళ్ళిపోయింది. దోసె తిను."